మేనమామ పెట్టాల్సిన యూనిఫాం

వేసవి సెలవులు ముగిసే ముందు ప్రొద్దుటూరులో నాకు తల గోక్కునే తీరిక ఉండదు. బడిలో ఇచ్చిన గుడ్డలన్నీ నా కుట్టుమిషను పక్కకే వచ్చి చేరతాయి. తల్లులందరిదీ ఒకటే మాట: "వదులుగా కుట్టక్కా, వచ్చే ఏడు గూడా రావాల." వాళ్లు చెప్పినట్టు కుడితే పిల్లలు గోనెసంచిలో దూరినట్టు ఉంటారు. నేను ఒప్పుకోను. కొలతకే కుట్టి, అంచు మడతలో గుడ్డ వదులుతాను. బడి తెరిచిన తొలిరోజు పిల్ల అద్దంలో చూసుకుని నవ్వాలి కదా! వచ్చే ఏటి సంగతి వచ్చే ఏడు చూసుకోవచ్చు.

ఆ ఏడు మా వీధి చివరింటామె, తొమ్మిదో తరగతికి పోవాల్సిన కూతురి గుడ్డ ఇచ్చి వెళ్లిన కొన్నాళ్లకే మళ్లీ వచ్చింది.

"కుట్టొద్దులేక్కా. గుడ్డ ఇచ్చెయ్."

"ఏందమ్మా, ఏమయింది?"

ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ చెప్పింది. పిల్ల సెలవుల్లో పెద్దమనిషి అయింది. మా వైపు ఆడపిల్ల పెద్దమనిషి అయితే మేనమామ కొత్త బట్టలు తెచ్చి, బొట్టు పెట్టి ఇవ్వాలి. అవి కట్టుకున్నాకే పిల్ల గడప దాటాలి. జమ్మలమడుగులో ఉన్న ఆ మేనమామ అలిగి కూర్చున్నాడు. పిల్లను తన కొడుక్కి ఇస్తామని మాటిస్తేనే వస్తాడట. పిల్ల తండ్రి కుదరదన్నాడు, చదివిస్తానన్నాడు. కానీ కన్నతల్లికి ఎదురు చెప్పే ధైర్యం ఆయనకు లేదు. ఆ తల్లి, అంటే పిల్ల జేజి, తేల్చి చెప్పేసింది: మేనమామ గుడ్డ పడకుండా పిల్ల బయట అడుగు పెట్టేదే లేదు.

నాకు ఒళ్లు మండింది. అలిగినవాడు అలక మానకపోతే ఈ పిల్ల చదువు గంగలో కలవాల్సిందేనా? గుడ్డ తిరిగి ఇవ్వలేదు. ఆ రోజే కత్తిరించి కుట్టేశాను. మర్నాడు యూనిఫాం సంచిలో పెట్టుకుని జమ్మలమడుగు బస్సెక్కాను.

మేనమామ మర్యాదగానే కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాడు.

"ఈ బట్టలు నీ చేత్తో పెట్టన్నా, పిల్ల బడికి పోతాది" అన్నాను.

"మా చెల్లెలు సరే అంటే రేపే పట్టుచీర తెస్తానమ్మా. ఈ బడి బట్టలు నేను పెట్టేదేంది?"

"అయితే ఆ చీర బీరువాలోనే దాచిపెట్టన్నా. వేరే కోడలు దొరికితే పనికొస్తాది."

కాఫీ బాగుంది గానీ, సగంలోనే వదిలేసి వచ్చాను.

బడి తెరిచే రోజు పొద్దున్నే తలస్నానం చేసి, పళ్లెంలో పసుపు, కుంకుమ భరిణె, తమలపాకులు, అరటిపండ్లు సర్ది, మధ్యలో యూనిఫాం పెట్టుకుని వాళ్లింటికి బయలుదేరాను. వీధి నడుమనే నడిచాను. చూసేవాళ్లు చూశారు. చూడనీ.

జేజి వసారాలో మంచం మీద కూర్చుని ఉంది.

"ఏందే అది?"

"మేనమామ బట్టలు."

"వాడు యాడొచ్చినాడు?"

"రాడంట. ఈ పొద్దు నేనే మేనమామ."

"నీకేమన్నా పిచ్చి పట్టిందా? ఆడదానివి! పైగా మొగుడు పోయినదానివి. నొసట బొట్టు లేకుండా శుభకార్యానికి పళ్లెం పట్టుకొచ్చినావా?"

ఆ మాట నాకు కొత్త కాదు. ఎన్నో పెళ్లిళ్లలో, ఎన్నో గడపల దగ్గర విన్నాను. అయినా విన్నప్పుడల్లా గుచ్చుకుంటుంది. ఆ రోజూ గుచ్చుకుంది. కానీ వెనక్కి తిరగలేదు.

"నీ నొసట మాత్రం యాడుంది జేజీ? ఈ పిల్ల పుట్టేనాటికే లేదు. అయినా దీన్ని అందరికన్నా ముందు ఎత్తుకునింది నువ్వే గదా. దానికేమన్నా అయిందా?"

నేను ఆగలేదు.

"మా మేనమామ నాకు పట్టుచీర పెట్టినాడు. మేళం గూడా పెట్టించినాడు. అంతా పద్ధతిగానే చేసినారు. మళ్లా నేను బడి మొగం చూడలే. నా పుస్తకాలు అటక మీదనే చెదలు పట్టిపాయ. ఆ పద్ధతితో నాకేం ఒరిగింది జేజీ?"

వీళ్ల ముందు ఏడవకూడదని పండ్లు బిగబట్టాను. పిల్ల తల్లి గోడకు ఆనుకుని నిలబడిపోయింది. తండ్రి తల వంచుకున్నాడు.

అప్పుడు గదిలోంచి పిల్ల వచ్చింది. ఇంత గొడవలోనూ దాన్ని ఎవరూ ఒక్క మాట అడిగింది లేదు.

"లోపలికి పో" అని జేజి గదమాయించింది.

పోలేదు. పీట వాల్చుకుని నా ముందు కూర్చుంది. భరిణె మూత తీసి, నా చెయ్యి పట్టుకుని, వేలిని కుంకుమలో ముంచింది. నా భర్త పోయిన నాటి నుంచి ఆ వేలితో ఎవరికీ బొట్టు పెట్టలేదు, ఎవరూ పెట్టనివ్వలేదు. నా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

పిల్ల నొసలు నా వైపు ఎత్తింది.

"పెట్టు మామా" అంది. "బడికి టైమైతాంది."