కెప్టెన్ సాబ్ చూసిన కట్ట దారి

2022 ఎండాకాలం. సంగారెడ్డి కలెక్టరేట్ దగ్గర నా సర్వే ఆఫీసుకు అప్పటికి పదేళ్లు. వెలిమెల, సుల్తాన్‌పూర్ వైపు ప్లాట్లు లేస్తున్నాయి, గజం భూమి కోసం అన్నదమ్ములు కొట్టుకుంటున్నారు, నాకు ఊపిరాడడం లేదు. మా వృత్తిలో ఒక కట్టుబాటు ఉంది. హద్దు రాయి పాతేముందు పక్క పట్టాదారుకు నోటీసు ఇచ్చి, మనిషిని పొలంలో నిలబెట్టి, ఆయన కళ్లముందే కొలవాలి. ఆయన రాకపోతే పని ఆపాలి. ఆపడమంటే నాకు చేతకాదు. ఒకచోట కుదురుగా కూర్చోలేను, ఎదుటివాళ్లు మాట పూర్తి చేసేదాకా ఆగలేను. ఆ కట్టుబాటును నేను తప్పింది ఒకేసారి, అదీ భూమి విషయంలో కాదు.

ఆ రోజు వచ్చినాయన పేరు మల్లయ్య. డెబ్బై దాటిన మనిషి, ఎడమ కాలు ఈడుస్తూ నడుస్తాడు. ఇస్మాయిల్‌ఖాన్‌పేట దగ్గరి పల్లె. సైన్యంలో జవానుగా చేసి, బయటికొచ్చాక పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీగా ఏళ్లకేళ్లు నిలబడ్డాడు.

"పాస్‌బుక్ తెచ్చారా తాతా?" అన్నాను కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండానే.

"నాది భూమి పంచాయితీ గాదు బిడ్డా. లడాయి పంచాయితీ."

జేబులోంచి క్యాలెండర్ కాగితం తీసి బల్ల మీద పరిచాడు. దాని వెనక బాల్‌పెన్నుతో గీసిన బొమ్మ. ఒక వాగు, బురద మళ్లు, అవతల ఊరు. ఎడమ పక్కగా పోయే రైలు కట్ట. డెబ్బై ఒకటి యుద్ధంలో మన సైన్యం తూర్పు సరిహద్దు దాటి లోపలికి పోయినప్పుడు, ఆ ఊళ్లో శత్రువులు బంకర్లు కట్టుకుని కూర్చున్నారట. మల్లయ్య కంపెనీని, అంటే వంద మందికి పైబడిన దళాన్ని, కెప్టెన్ తెల్లవారగానే ఎదురుగా ఆ బురదలోకి దింపాడు. మోకాటి లోతు నీళ్లు, ఎదురుగా మెషిన్‌గన్లు. మల్లయ్య కాలికి తూటా తగిలింది. పక్కనే నడుస్తున్న యాదగిరి, పక్క ఊరివాడు, ఒకే రోజు భర్తీ అయినవాడు, అక్కడే పోయాడు. ఆ సాయంత్రమే ఊరు మనకు దొరికిందని మల్లయ్యకు ఆసుపత్రిలో తెలిసింది. ఎలా దొరికిందో ఎవరూ చెప్పలేదు.

"కెప్టెన్ నక్షా ఉల్టా సదివిండు బిడ్డా. ఎడమకు ఎండిన కట్ట ఉండంగ మమ్ముల బురదల తోలిండు. యాదగిరి పెండ్లాం పెంటమ్మ అడిగినప్పుడల్లా నేను గదే చెప్పిన. ఆఫీసర్ తప్పు చేసిండు, నీ మొగడు పాయె అని."

ఇప్పుడా కెప్టెన్ కొడుకు ఫోన్ చేశాడట. పెద్దాయన మంచాన ఉన్నాడు, సికింద్రాబాద్‌లో. తన కంపెనీలో మిగిలినవాళ్లను చూడాలంటున్నాడు. ఆదివారం రమ్మన్నాడు.

"కట్ట దారి నిజమేనా, నా భ్రమనా? అది ఎర్కైతే మొకం మీద అడుగుత. లేకుంటే పోనే పోను."

రోజూ ఇంటి స్థలాల మూలలు కొలిచేదాన్ని, ఇలాంటి పని మళ్లీ వస్తుందా! ఆయన చెప్పిన ఊరు ఉపగ్రహ చిత్రంలో దొరికింది. భూమి ఎత్తుపల్లాల లెక్కను మేము డీఈఎం అంటాం. ఆ చదును నేలలో దాన్ని అంతగా నమ్మకూడదు, కానీ రైలు కట్ట మాత్రం స్పష్టంగా తేలింది. ఊరి ఎడమ పక్కగా సాగి నేరుగా దాని వెనక్కి దిగుతోంది. రెండు రోజుల్లో నక్షా గీసి, కట్టను ఎర్ర గీతతో చూపించి, కింద నా ముద్ర కూడా వేశాను.

"దారి ఉంది తాతా. మ్యాప్ చూసినవాడికి అది కనపడకుండా ఉండదు."

ఆయన మొహం నల్లబడింది. "అయితే ఆదివారం పోదాం. నువ్వు సుత రా. నేను చెప్తే ముసలోని చాదస్తమంటడు."

ఆదివారం దాకా కాలుగాలిన పిల్లిలా తిరిగాను. కొలవడం తప్పలేదు, గీత తప్పలేదు. మరి ఏమిటీ గాబరా? శనివారం వంటింట్లో కూర మాడబెట్టాక వెలిగింది. అవతలి పట్టాదారును పిలవకుండానే హద్దు పెట్టేశాను. ఒక్కడి మాట విని, కెప్టెన్‌ను అడగకుండానే తప్పుపట్టి ముద్ర గుద్దాను. ఆత్రగాడికి బుద్ధి మట్టమని ఊరికే అనలేదు.

సికింద్రాబాద్‌లో కెప్టెన్ దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. మనిషి ఎండిపోయాడు కానీ చూపు చురుగ్గా ఉంది. మల్లయ్యను చూసి, "ఎడమ కాలు," అన్నాడు హిందీలో. మల్లయ్య కూర్చోలేదు. నా నక్షా తీసి ఆయన ఒళ్లో పెట్టాడు. ఆ తర్వాత ఇద్దరూ హిందీలోనే మాట్లాడుకున్నారు. నాకు గుర్తున్నంత తెలుగులో రాస్తున్నాను.

కెప్టెన్ వేలు ఎర్ర గీత మీద మెల్లగా కదిలింది. "సరిగ్గా గీశారు. నా మ్యాప్‌లో కూడా ఉంది ఈ కట్ట."

"ఉంటే మమ్మల్ని బురదలోకి ఎందుకు దింపారు సాబ్?"

"ఆ తెల్లవారుజామున మన బెటాలియన్‌లోని మిగతా కంపెనీలన్నీ ఈ కట్ట చాటున నడుస్తున్నాయి, ఊరి వెనక్కి చేరడానికి. శత్రువు తుపాకులన్నీ ముందుకే తిరిగి ఉండాలి. అంటే ముందు నుంచి ఎవరో రావాలి, నిజంగా గెలవడానికి వస్తున్నట్టే రావాలి. పైనుంచి నాకు వచ్చిన ఆర్డర్ అది."

"మాకు చెప్పలేదు."

"చెప్పొద్దన్నారు. ఒక్కడు పట్టుబడినా మొత్తం పోతుంది. కానీ మన కంపెనీలో ఏ ప్లటూన్ ముందుండాలో ఎంచింది నేనే. మీది పెట్టాను. మీరు వెనక్కి తిరగరని తెలుసు."

నాకు అక్కడినుంచి లేచి పరుగెత్తాలనిపించింది. మల్లయ్య అడిగాడు. "యాదగిరి పోతాడని తెలుసా?"

"ఎవరో పోతారని తెలుసు." కెప్టెన్ నక్షా మీంచి వేలు తీశాడు. "ఎవరో తెలియదు. ఈ మాట చెప్పడానికే పిలిచాను."

మల్లయ్య నక్షా మడిచి తీసుకుని, ఆయన చేతిని ఒకసారి పట్టుకుని వదిలేశాడు. మెట్లు దిగుతూ నాతో అన్నాడు. "తప్పైతే మాఫ్ చేద్దామనుకున్న బిడ్డా. ఎర్కుండి తోలినంక ఇగ నేనేం మాఫ్ జెయ్యాలె?"

నా కారు పటాన్‌చెరు దాటేదాకా ఆయన అటూ ఇటూ కదులుతూనే ఉన్నాడు. సీటు బెల్టు తీస్తాడు, పెడతాడు. "పెంటమ్మకు ఏం చెప్పాలె? తప్పు గాదు, కావాలనే పంపిన్రని చెప్తే గుండె పగిలి సస్తది. చెప్పకుంటే నేను సస్త." ఆ వారంలో నేను నోరు మూసుకుని మంచిపని చేసింది అక్కడే. సంగారెడ్డి చౌరస్తా దగ్గర ఆయనే, "ఆమె ఇంటికి పోనియ్యి," అన్నాడు.

పెంటమ్మ వాకిట్లో చింతపండు గింజ తీస్తోంది. మల్లయ్య ఆమె ఎదురుగా నేల మీద కూర్చుని మొత్తం చెప్పాడు, కట్ట, బురద, తుపాకులు, ఆర్డర్. ఆమె చేతులు ఆగిపోయాయి. ఏడుస్తుందనుకున్నాను, శాపనార్థాలు పెడుతుందనుకున్నాను.

"అంటే ఆయన ముందట నిలవడ్డందుకే గా ఊరు దొరికింది?"

"గంతే పెంటమ్మా."

"ఊకెనే పోలే."

"పోలే."

ఆమె చేతిలోని గింజను మల్లయ్య మీదికి విసిరింది. "యాభై ఏండ్ల సంది దారి తప్పి సచ్చిండని చెప్తివి గదరా! ఎడ్డోని లెక్క బురదల బడి సచ్చిండని నా కొడుక్కు చెప్పుకున్న. వాని పోరగాండ్లకు సుత గదే చెప్పిన." అప్పుడు ఏడ్చింది. మల్లయ్య తల వంచుకుని కూర్చున్నాడు. ఆయన ఓదార్పుగా మోసుకొచ్చిన మాటే ఇన్నేళ్లూ ఆమెను కాల్చింది.

కెప్టెన్ చెప్పిందంతా నిజమో, చివరి రోజుల్లో ఆయన తనకు తాను చెప్పుకున్నదో నేను తేల్చలేను. అది నా యంత్రాలకు అందదు. నేర్చుకున్నది మాత్రం ఒకటుంది. ఇప్పుడు పక్క పట్టాదారు రాకపోతే నేను ట్రైపాడ్ కారులోంచి దించను. క్లయింట్లు తిడతారు, వేరే సర్వేయర్‌ను పిలుచుకుంటామంటారు. పిలుచుకోమంటాను. నాకు ఓపిక వచ్చిందని కాదు, లోపల ఇప్పటికీ కుతకుతలాడుతూనే ఉంటుంది. అయినా పొలం గట్టు మీద ఎండలో నిలబడి ఆ అవతలి మనిషి కోసం ఎదురుచూస్తాను.