చండ్రుగొండలో తెల్ల బంతి

చండ్రుగొండ దగ్గర మా బస్సు చెడిపోయింది. వాన పడుతుంటే రోడ్డు పక్కనున్న బిలియర్డ్స్ లాంటి పూల్ ఆట ఆడించే షెడ్డులోకి వెళ్ళాను. యజమాని యేసురత్నం ఏళ్ల తరబడి సేకరించిన పాత బంతులు అద్దాల బీరువాలో వరసగా ఉన్నాయి. మధ్యలో ఆకుపచ్చ గుడ్డ పరిచిన ఆట బల్ల ఉంది. ఒక ఆట ఆడదామా అని అడిగాను.

"మిగతా బంతుల్ని కొట్టే తెల్ల బంతి లేదు సార్. నేను, మా తమ్ముడు రోజూ ఆడేటోళ్లం. వాడు పోయిండు. ఆ బంతిని శవప్పెట్టెల వాని చేతిల పెట్టిన."

మా ఇళ్ళలో పోయినవాళ్ళ వేలికి ఉంగరం కూడా ఉంచం. ఖమ్మంలో కొత్తది దొరుకుతుంది కదా అన్నాను.

"తెచ్చిన సార్. పట్టుకుంటే సల్లగ, ఆఖర్న పట్టుకున్న వాని చెయ్యి లెక్కనే ఉన్నది. ఇగ ఆడలేకపోయిన."

"మరి ఈ బల్ల?"

"కోస్తున్న. వాని సమాధి మీదికి గొడ్లు వస్తున్నయ్, కంచె కట్టాలె. ఆ కొస జర పట్టుకుంటరా?"

పట్టుకున్నాను. చెక్క అంచు కోస్తుంటే రంపపు పొట్టు ఆకుపచ్చ గుడ్డ మీద రాలింది. ఆయన ఆగి, ఆటకు ముందు తుడిచినట్టే దాన్ని అరచేత్తో మెల్లగా తుడిచాడు. తర్వాత మళ్ళీ రంపం అందుకున్నాడు.