ఒక తన్ను, ఒక దణ్ణం

ఉద్యోగం కొత్తలో మనిషికి నోరు ముందు, బుర్ర వెనక. ఇప్పుడైతే ఎవరేం చెప్పినా నాలుగు ప్రశ్నలడిగి గానీ తలూపను. అప్పట్లో ఏ పని చెప్పినా "అలాగేనండి" అనేసేదాన్ని, భయం ఆ తర్వాత తీరిగ్గా వచ్చేది. రాజమండ్రిలో ఒక ప్రైవేటు స్కూల్లో నన్ను డ్రిల్లు టీచరుగా తీసుకున్నారు (కాలేజీలో ఖోఖో ఆడిన పుణ్యం). చేరిన కొన్నాళ్లకే హెడ్‌మిస్ట్రెస్ గారు పిలిచి, "ఆడపిల్లలకి కరాటే లేడీ టీచరే నేర్పాలని పేరెంట్స్ అడుగుతున్నారమ్మా. వేసవి సెలవుల్లోపు మీరు పసుపు బెల్టు తెచ్చుకోండి. లేదంటే వచ్చే ఏడు బెల్టున్న వాళ్లనే చూసుకోవాలి మరి" అన్నారు. "అలాగేనండి" అన్నాను. నాన్న మంచాన పడ్డాక మా ఇల్లు నా జీతం మీదే నడుస్తోందని ఆవిడకేం తెలుసు!

గోదావరి గట్టు దగ్గర ఓ డాబా మీద తెల్లారకముందే కరాటే క్లాసు. మాస్టారు బక్కపల్చటి మనిషి, మా నాన్న వయసు. ముందుకి తన్నడం, పక్కకి తన్నడం, కాలు చుట్టూ తిప్పి తన్నడం, ముందు ఇవి మూడూ వస్తే చాలన్నారు. మోకాలు గుండెల దాకా ఎత్తాలి, పాదం విసరాలి, విసిరినంత వేగంగా వెనక్కి లాక్కోవాలి. గాల్లో నాకు అన్నీ వచ్చేశాయి. చిక్కల్లా ఆయన దిండులాంటి ప్యాడ్ పట్టుకుని ఎదురుగా నిలబడ్డాకే వచ్చింది. నా పాదం జానెడు దూరం దాకా వెళ్లి, ఎవరో తాడు కట్టి లాగినట్టు ఆగిపోయేది. "తగలాలమ్మా! గాల్లో తంతే దోమ కూడా చావదు" అని ఆయన ఒకటే గోల. ఎలా తగులుతుందండీ? బడితె పట్టుకుని మరీ మా నాయనమ్మ పెంచిన కాలు అది. మనిషికి గానీ పుస్తకానికి గానీ కాలు తగిలిందంటే, వెంటనే చేత్తో తాకి కళ్లకద్దుకోవాల్సిందే. ఆవిడకి ఈ చదువు సంగతి చెబితే, "ఉద్యోగం కోసం పెద్దవాళ్లని తన్నాలా? ఇదేం పోయేకాలమే!" అని మధ్యాహ్నం అన్నం కూడా ముట్టలేదు.

పరీక్ష రోజు కాకినాడ నుంచి ఒక పెద్ద మాస్టారు వచ్చారు. నెరిసిన మీసాలు, నిండు బొజ్జ, పెళ్లిపెద్దలా కుర్చీలో కూర్చున్నారు. నాతోపాటు పరీక్షకొచ్చినవాళ్లంతా ఐదో తరగతి, ఆరో తరగతి పిల్లలు. ప్యాడ్‌ని దబదబా బాదేసి వెళ్లిపోయారు. నా వంతు వచ్చింది. మొదటి తన్ను ఆగిపోయింది. రెండోదీ అంతే. పెద్ద మాస్టారు లేచి వచ్చి ప్యాడ్ తనే తీసుకున్నారు. "ఏంటమ్మా, మా మీద అంత జాలేంటి? ఇది కూడా తగలకపోతే ఫెయిలే. మళ్లీ దసరాలకి రండి" అన్నారు. దసరాల దాకా నా ఉద్యోగం ఎక్కడుంటుంది? నాన్న మందులు గుర్తొచ్చి ఏడుపు తన్నుకొచ్చింది. కళ్లు గట్టిగా మూసుకుని, నాయనమ్మకి మనసులోనే క్షమాపణ చెప్పుకుని, ఉన్న బలమంతా పెట్టి ఒక్కటి విసిరాను.

తగిలింది. ప్యాడ్‌కి కాదు, బొజ్జకి. ఆయన "హమ్మా" అని రెండడుగులు వెనక్కి పడ్డారు. నేనేం చేశానంటారా? కాలు వెనక్కి లాక్కోవడం, చేతులు అడ్డం పెట్టుకోవడం, చదువుకున్నదంతా గోదాట్లో కలిపేసి, గబగబా వెళ్లి, "అయ్యో, తప్పయిపోయిందండి!" అంటూ ఆయన బొజ్జని చేత్తో తాకి కళ్లకద్దుకున్నాను. ఆయన కూడా అలవాటు కొద్దీ, నొప్పితో వంగినవారు వంగినట్టే, "పర్లేదమ్మా, చల్లగా ఉండు" అని దీవించేశారు. పిల్లలు కిందపడి దొర్లారు. మా మాస్టారు రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. నా పని అయిపోయిందనే అనుకున్నాను. పెద్దాయన మాత్రం ఊపిరి తీసుకుని, బొజ్జ నిమురుకుంటూ మా మాస్టారితో, "తగిలితేనే కదండీ కళ్లకద్దుకుంటారు. రాసుకోండి, పాసు" అన్నారు. నేను అక్కడే చతికిలబడ్డాను. అంత హాయి మళ్లీ మా అబ్బాయి పుట్టినప్పుడు గానీ ఎరగను.

ఆ స్కూల్లోనే ఇన్నేళ్లూ ఆడపిల్లలకి తన్నడం నేర్పుతున్నాను. "తగలాలమ్మా!" అని నేనూ అరుస్తాను. నా పిల్లలు నాలా కాదు, తన్ని "సారీ మేడం" అని కూడా అనరు, రెండో కాలెత్తుతారు. మంచిదే, అందుకే కదా నేర్పేది. మొన్న బీరువా సర్దుతుంటే ఆ పసుపు బెల్టు జారి కిందపడి కాలికి తగిలింది. వంగి తీసి కళ్లకద్దుకుని, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి, ఒక్కదాన్నే నవ్వుకున్నాను.