వేలు తీస్తే ఉచితం

ఊఁబాబాయ్‌కి అభిప్రాయాలు లేవని ఆ వీధిలో అందరి నమ్మకం. ఇన్నేళ్ళుగా సెలూన్ నడుపుతున్న మనిషి, లోకంలో ఉన్న కబుర్లన్నీ ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళ నోటే విన్న మనిషి, ఎవరేం చెప్పినా "ఊఁ" అంటాడు. ప్రభుత్వం బ్రహ్మాండం అన్నవాడికీ ఊఁ, ప్రభుత్వం ఉత్త దండగ అన్నవాడికీ ఊఁ. ఆ ఊఁలో అవునని ఉండదు, కాదని ఉండదు. విన్నాను, ఇక్కడితో వదిలేస్తున్నాను అని మాత్రమే ఉంటుంది. జనం ఆయన అసలు పేరు ఎప్పుడో మరిచిపోయారు.

నిజానికి ఆయనకున్నన్ని అభిప్రాయాలు ఆ వీధి మొత్తానికీ లేవు. ఇంటికెళ్ళి భార్య ముందు అన్నీ వెళ్ళగక్కేవాడు. షాపులో మాత్రం తండ్రి నేర్పిన పద్ధతే. "గడ్డం గీయించుకునేవాడు నిన్ను నమ్మి పీక చాపుతాడు. దాని మీద కత్తి పెట్టి నువ్వు ఎదురు చెబితే దాన్ని వాదన అనరు, బెదిరింపు అంటారు" అని ఆ పెద్దాయన చెవి మెలేసి మరీ చెప్పాడు. అందుకే కత్తి చేతిలో ఉన్నంతసేపూ ఊఁ తప్ప రెండో మాట లేదు. షాపు తెరిచింది మొదలు మూసేదాకా కత్తి చేతిలోనే ఉండేది.

ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా కార్డు చేతికొచ్చిన రోజు ఆయన కాలు నేల మీద నిలవలేదు. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, షాపులో అద్దం వెనక దాచుకున్నాడు. "ఇక మనకి రోగమొచ్చినా దర్జాగా వస్తుందే" అన్నాడు భార్యతో. మర్నాడు ఎదురుగా ఇనప సామాన్ల కొట్టు నడిపే ఆయన వచ్చి కుర్చీలో కూర్చుని, "ఊరికే ఇస్తే జనం సోమరిపోతులవుతారు బాబాయ్" అంటే, ఊఁ అని లోపల పళ్ళు నూరుకున్నాడు. ఆ సాయంత్రం ఇంట్లో గుమ్మం దాటకముందే మొదలుపెట్టాడు: "ఆయన కొట్లో మేకు కొన్న ప్రతిసారీ నేను పన్ను కట్టట్లేదా? ఊరికే అంటాడేంటే!"

ఆయన అందరికీ బాబాయ్ కాబట్టి ఆవిడ అందరికీ పిన్ని. పిన్నికి ఊఁ అనే అలవాటు లేదు. "అదేదో ఆయన మొహం మీదే అనలేకపోయావా?" అంది.

"మొహం మీద కత్తి ఉందిగా!"

గడ్డం గీసే పనిలో బ్లేడుని రెండుగా విరిచి సగమే కత్తిలో బిగిస్తారు. వాడేసిన ముక్క డబ్బాలో పడెయ్యాలి. ఒకరోజు ఒక ముక్క డబ్బాలో పడలేదు. చెప్పుల్లో వెంట్రుకలు ఇరుక్కుంటాయని బాబాయ్ వట్టికాళ్ళతోనే పనిచేస్తాడు. ఆ ముక్క బొటనవేలి కింద దిగింది. నొప్పి తెలిస్తే కెవ్వుమనేవాడే. షుగరు ముదిరిన కాలికి నొప్పి ఎక్కడ తెలుస్తుంది? నేల మీద ఎర్రటి చుక్కలు కనబడగానే కంగారుపడి కుర్చీలో ఉన్నాయన బుగ్గలు, గడ్డం, మెడ అంతా తడిమి చూశాడు. ఎక్కడా గాటు లేదు. హమ్మయ్య అనుకుని నేల తుడిచేశాడు. తన కాలు చూసుకోవాలన్న ఊహే ఆయనకి రాలేదు. పిన్ని కంటపడేసరికి అది పుండైంది.

కార్డు పట్టుకుని పెద్దాసుపత్రికి వెళ్ళారు. చూసిన డాక్టరమ్మ చిన్నపిల్లే గానీ ఓపికగా చూసింది. "వేలికి రక్తం బాగానే అందుతోంది. రోజూ కట్టు మార్పించుకుని, నేను రాసిన మందులు మానకుండా వేసుకుని, దీని మీద బరువు పడని చెప్పు తొడుక్కుంటే వేలు దక్కుతుంది. అశ్రద్ధ చేస్తే మాత్రం తీసెయ్యాలి" అంది. బాబాయ్ ఆ పిల్లకి దణ్ణం పెట్టి, ధీమాగా కౌంటరు దగ్గరికెళ్ళి కార్డు లోపలికి తోశాడు.

కౌంటరు అబ్బాయి చీటీ చూసి కార్డు వెనక్కి తోశాడు. "ఇవేవీ కార్డులో రావండి. మంచం మీద పడుకుంటేనే కార్డు."

"అయితే పడుకోబెట్టండి బాబూ."

"పడుకోవడానికి కారణం ఉండాలి కదండీ. వేలు తీసేయించుకున్నారనుకోండి, ఆపరేషను, మంచం, మందులు, భోజనం అన్నీ ఉచితం. ఇంటికెళ్ళడానికి ఛార్జీలు కూడా ఇస్తాం."

పిన్ని బాబాయ్‌ని పక్కకి జరిపి ముందుకొచ్చింది. "పాదం తీసేస్తే?"

"వస్తుందమ్మా."

"మోకాలిదాకా తీసేస్తే?"

"అదీ వస్తుంది."

"పోనీ, మనిషే పోతే?"

"దానికి వేరే పథకం ఉంది. పక్క కౌంటర్లో అడగండి."

ఆ అబ్బాయి వేళాకోళమాడలేదు. ఉన్నమాటే చెప్పాడు. అదే మరీ ఒళ్ళు మండించే సంగతి. ఒక మనిషి కాలు కాపాడమని వస్తే, కోయించుకో, అప్పుడు నీకు రాజభోగాలు చేస్తాం అనేదాన్ని వైద్యం అని ఎవరంటారు? అన్నారు, రూలు రాశారు, దాని మీద ముద్ర కూడా వేశారు.

బాబాయ్ కార్డు తీసుకుని మళ్ళీ ప్లాస్టిక్ కవర్లో పెట్టాడు. ఆ వారంలోనే షాపులో రెండో కుర్చీ అమ్మేశాడు. తండ్రి పనిచేసిన కుర్చీ అది. అది మందులైంది, కట్లైంది, ముందు భాగం తెరిచి ఉన్న ఒక వికారమైన చెప్పైంది. ఆ ఒంటికాలి చెప్పుతోనే బరువంతా మడమ మీద వేసి పనిచేయడం మొదలుపెట్టాడు. పిన్ని రోజూ పొద్దున షాపుకొచ్చి కట్టు మార్చేది.

ఆదివారం బీమా ఆఫీసరు గడ్డానికి వచ్చాడు. ఆ కార్డుల వ్యవహారం చూసే ఆఫీసులోనే ఆయన ఉద్యోగం. మంచివాడు, భేషజం లేనివాడు, కాకపోతే మాట్లాడటం మొదలుపెడితే ఆపడు. సామాన్ల కొట్టు ఆయన పక్కన బల్ల మీద కూర్చుని పేపరు చదువుకుంటూ తన వంతు కోసం చూస్తున్నాడు.

"రెండో కుర్చీ ఏది బాబాయ్?" అన్నాడు ఆఫీసరు.

"అమ్మేశాడు. ఏ రోగానికో తగలేసి ఉంటాడు" అని సామాన్ల కొట్టు ఆయన పేపరు దించకుండానే జవాబిచ్చాడు.

"రోగానికైతే కుర్చీ ఎందుకండీ అమ్మడం, కార్డుందిగా!" ఆఫీసరుకి హుషారొచ్చింది. అప్పటికి ఆయన కుడి బుగ్గ నున్నగా అయింది, ఎడమ బుగ్గ నిండా నురగుంది. "ఈ ఏడాది మన దగ్గర ఆపరేషన్లు ఎంత పెరిగాయో తెలుసా బాబాయ్? మా ఆఫీసుకి మెప్పు కూడా వచ్చింది."

ఊఁ రాలేదు.

బాబాయ్ కత్తిని నీళ్ళలో ముంచి, తుడిచి, మడిచి, అద్దం ముందు పెట్టాడు. సామాన్ల కొట్టు ఆయన పేపరు దించాడు.

"అందులో నా వేలు లేదు సార్. దాన్ని నేను కోయించుకోలేదు" అన్నాడు బాబాయ్. "నిలబడి బతికేవాణ్ణి నేను. ఈ పనికి చేతులెంత ముఖ్యమో కాళ్ళూ అంతే. కాలు కోయించుకుంటానంటే ఖజానా తెరుస్తారు, కాపాడండి అంటే కిటికీ మూస్తారా? కార్డు నా కాలి కోసం ఇచ్చారా, వాళ్ళ కత్తి కోసం ఇచ్చారా? ఇదేం న్యాయం సార్?"

"అదీ! ఈ కార్డులే దండగని నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నా" అని సామాన్ల కొట్టు ఆయన అందుకున్నాడు.

"మీరాగండి!" ఆ కేకకి ఆయన చేతిలో పేపరు జారిపోయింది. "మా బావమరిది గుండె ఆ కార్డు వల్లే ఇవాళ కొట్టుకుంటోంది. కార్డు ఉండి తీరాలి. జబ్బు ముదిరాక కాదు, మొదలైనప్పుడే పనికిరావాలంటున్నా. దాన్ని దండగంటే మాత్రం మీకు నా షాపులో గడ్డం లేదు."

ఆఫీసరు నిజంగానే నొచ్చుకున్న మొహంతో, "నాకు ముందే చెప్పొద్దా బాబాయ్? ఇప్పుడే ఫోన్ చేస్తాను. రేపటికల్లా నీకు మంచం ఇప్పిస్తాను" అన్నాడు.

"ఎందుకు సార్?"

"వేలు ఆపరేషన్‌కి."

ఇంత చెబితే ఆయనకి వినబడింది అది! కట్టు కట్టడానికి వచ్చి గుమ్మంలో నిలబడ్డ పిన్ని నవ్వింది. వినసొంపైన నవ్వు కాదది. చిన్నపిల్లలకి క్రాఫు చేసేటప్పుడు కుర్చీ చేతుల మీద అడ్డంగా వేసే చెక్కని తీసి, స్టూలు మీద పరిచి, "కాలు పెట్టవయ్యా. చూడనీ ఆయన్ని" అంది.

సగం గడ్డంతో ఆఫీసరు ఎక్కడికి వెళ్తాడు? కూర్చున్నాడు. బాబాయ్ బల్ల మీద కూర్చుని కాలు చాపితే పిన్ని పాత కట్టు విప్పింది. లోపల పుండు ఇంకా పచ్చిగానే ఉంది, కానీ అంచుల్లో కొత్త చర్మం లేతగా వస్తోంది. ఆవిడ కడిగింది, తుడిచింది, మందు రాసింది, గుడ్డ చుట్టింది. ఆఫీసరు రెండుసార్లు మొహం తిప్పుకున్నాడు. తిప్పినప్పుడల్లా అద్దంలో అదే కనబడింది. బుగ్గ మీద నురగ ఎండి రాలుతోంది.

"ఇంతే బాబూ, ఈ కాస్త పనే. దీనికి మీ కార్డులో చోటు లేదు" అంది పిన్ని కత్తెర పక్కన పెట్టి.

బాబాయ్ లేచి, మడమ మీద నిలదొక్కుకుని, మళ్ళీ నురగ పట్టించి, కత్తి తీశాడు. ఎంత కోపమొచ్చినా సగం గడ్డంతో మనిషిని పంపడం ఆయన చేతకాదు.

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు బాబాయ్?" అని ఆఫీసరు పీక చాపే అడిగాడు. కత్తి చేతిలో ఉంది కాబట్టి బాబాయ్ పలకలేదు. గడ్డం పూర్తిచేసి, తడిగుడ్డతో మొహం తుడిచి, కత్తి కింద పెట్టాకే నోరు తెరిచాడు.

"పోయిన కాళ్ళు లెక్కేసుకుని మెప్పు తెచ్చుకున్నారు కదా సార్, నిలబడ్డ కాళ్ళని కూడా లెక్కలోకి తీసుకోమని మీ పైవాళ్ళకి చెప్పండి. రూలు మార్చమనండి. నాకు కాకపోయినా నా తర్వాత వచ్చేవాడికైనా పనికొస్తుంది."

ఆఫీసరు అద్దంలో చూసుకుంటూ తన బుగ్గలు రెండూ తడుముకున్నాడు. కుర్చీ దిగాడు. బాబాయ్ కాలి వంక ఒకసారి చూసి, "ఊఁ" అన్నాడు.

ఆ ఊఁకి ఎంత విలువుంటుందో బాబాయ్‌కి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.