బొట్టు పెట్టిన ర్యామ్

పోయిన వారం మా ఇన్‌స్టిట్యూట్‌కి ఒక ఆటో నిండా పాత కంప్యూటర్ డబ్బాలు వచ్చాయి. హార్డ్‌వేరు, నెట్‌వర్కింగు నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు విప్పి చూసేందుకు ఇలాంటి తుక్కును నాయుడుపేట నుంచి తెప్పిస్తుంటాం. కొత్తవి వాళ్ళ చేతికిచ్చేంత నమ్మకం నాకు లేదు. ఆ మాటకొస్తే తుక్కు అమ్మేవాడి మీదా లేదు. అందుకే పిల్లలకంటే ముందు నేనే ప్రతి డబ్బా మూతా తీసి, లోపల ఏముందో, ఏం మాయమైందో చూసుకుంటాను. చాలావాటిలో ర్యామ్ ఉండదు. జానెడు పొడుగు కూడా లేని ఆ పచ్చ అట్టముక్కను జేబులో వేసుకుపోవడం ఎవరికైనా తేలికే. అలా చూస్తూపోతుంటే ఒక డబ్బాలో మాత్రం ర్యామ్ దాని చోటులోనే కనిపించింది. దాని పైఅంచున పక్కపక్కనే రెండు చుక్కలు, ఒకటి కుంకుమది, ఒకటి వైట్నరుది. ఆ డబ్బాను పిల్లలకు ఇవ్వలేకపోయాను. బల్ల కిందికి నెట్టి, పాఠం సంగతి మరిచి కూర్చుండిపోయాను. ఆ తెల్ల చుక్క పెట్టింది మా మేనత్త.

ఆమెకు నాయుడుపేటలో కంప్యూటర్లు బాగుచేసే షాపు ఉండేది. బస్టాండు నుంచి బజారుకు పోయే దారిలో ఒక పక్క పూజ సామాన్ల అంగడి, ఇంకో పక్క టైలరు, మధ్యలో మేము. ఆమె అనుమానాల పుట్ట. చర్చిలో పాస్టరుగారు ప్రార్థనకు కళ్ళు మూసుకోమంటే, బయట చెప్పులు విడిచిన వైపు కన్నొకటి తెరిచే ఉంచేది. టైలరుకు జాకెట్టు గుడ్డ ఇస్తే మిగిలిన పీలికలు కూడా అడిగి తెచ్చుకునేది. డిగ్రీ తప్పి నేను ఆమె దగ్గర పని నేర్చుకోవడానికి చేరినప్పుడు, సొంత అన్న కూతురినన్న మొగమాటం కూడా లేకుండా సాయంత్రం ఇంటికి బయల్దేరే ముందు స్క్రూడ్రైవర్లన్నీ అప్పజెప్పించుకునేది. నాకు ఒళ్ళు మండేది. అయినా ఆమె ముందు నోరెత్తిన వాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు.

చదువు మొత్తం ఆమె అనుమానం మీదే నడిపించింది. "అనుమానం లేనోళ్ళు ఈ పనికి పనికిరారు మే," అనేది. నెట్ రావడం లేదని ఎవరైనా ఫోన్ చేస్తే ఆమెకు నేరస్థుల వరస ఒకటుండేది. ముందు కరెంటు, తర్వాత వైరు, ఆ వైరు చివరనుండే జాకు, తర్వాత ఆఫీసులో వైర్లన్నీ వచ్చి కలిసే స్విచ్, ఆ పైన బయటి లోకానికి దారి చూపించే రౌటరు. వీళ్ళెవరూ కాదని తేలాకే నెట్ ఇచ్చే కంపెనీవాళ్ళకు ఫోన్ చేయాలి. పింగ్ అంటే ఏమిటత్తా అని అడిగితే, "పేరు పెట్టి పిలిచేది. పలికితే ఉన్నట్టు, పలక్కపోతే పోయి తలుపు తట్టాల," అనింది. ఐపీ అడ్రస్సు ఇంటి నెంబరట, ఇల్లు మారితే మారుతుందట. మ్యాక్ అడ్రస్సు పుట్టుమచ్చట, ఎక్కడికి పోయినా వెంటే వస్తుందట. హార్డ్ డిస్కు గోడౌను, ర్యామ్ అంగడి బల్ల. బల్ల మీదున్న సరుకు షట్టరు దించగానే ఖాళీ, గోడౌనులోది ఎప్పటికీ ఉంటుంది. ఈ రోజుకీ నేను పిల్లలకు చెప్పేవి ఈ మాటలే. పుస్తకంలో ఇంతకంటే పెద్దగా ఉంటుంది కానీ ఇంత బాగా అర్థం కాదు.

ఆ నేరస్థులందరికీ పెద్ద ఒకరున్నారు, సముద్రపు గాలి. తీరం వైపు రొయ్యల గుంటల ఆఫీసుల నుంచి, రొయ్య పిల్లల్ని పొదిగించే హేచరీల నుంచి వచ్చే డబ్బాల్లో ఎక్కడ చూసినా ఎర్రటి తుప్పే. ఉప్పుగాలి జాకుల్లో దూరి, స్క్రూల తలలు తిని, ఆఖరికి ర్యామ్ కింది అంచునుండే బంగారు రంగు పళ్ళ మీద కూడా మరక కట్టేది. మా అత్త దగ్గర దానికి మందు స్కూలు పిల్లలు వాడే రబ్బరు. ర్యామ్ తీసి, ఆ పళ్ళను రబ్బరుతో రుద్ది, ఊది, మళ్ళీ గుచ్చితే సగం కంప్యూటర్లు లేచి కూర్చునేవి.

మేం లోకాన్ని అనుమానించినట్టే లోకమూ మమ్మల్ని అనుమానించేది. రిపేరు షాపుల్లో మంచి ర్యామ్ పీకేసి నాసిది పెడతారని ఊరంతా నమ్మకం. అందుకే మా అత్త ఒక పద్ధతి పెట్టుకుంది. డబ్బా తెచ్చిన మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి, ఎదురుగానే మూత విప్పి, ఇది మదర్‌బోర్డు, ఇది ప్రాసెసరు మీద తిరిగే ఫ్యాను, ఇది కరెంటు పంచే ఎస్‌ఎంపీఎస్, ఇది ర్యామ్ అని ఒక్కొక్కదాన్ని వేలు పెట్టి చూపించేది. నాకు ఆ పేర్లన్నీ అలా విని విని నోటికొచ్చాయి. వచ్చినవాళ్ళు కూడా తలూపుతూ, తమ వస్తువు మీద రహస్యంగా ఏదో ఒక గుర్తు పెట్టుకునే వచ్చేవాళ్ళని మాకు తెలుసు. గోరుతో గీతలు, గోళ్ళరంగు, అన్నీ చూశాం.

ఒకసారి ఆ పద్ధతి తప్పింది. రొయ్యల మేత డీలరు ఒకాయన ఉండేవాడు. తీరంలో గుంటలున్న వాళ్ళంతా ఆయన దగ్గరే మేత తీసుకునేవాళ్ళు. ఆయన మంచిదంటేనే వాళ్ళు తమ కంప్యూటర్లు మా దగ్గరికి తెచ్చేది. ఆయన కాదంటే మా షట్టరు ఇక ఎత్తక్కర్లేదు. నెట్ రావడం లేదని ఆయన డబ్బాను డ్రైవరు తెచ్చి, బల్ల మీద పెట్టి, జీపు అడ్డంగా ఉందని వెళ్ళిపోయాడు. మేం ఆన్ చేస్తే తెరమీద ఏమీ రాలేదు. డబ్బా కీ కీమని అరిచింది. ర్యామ్ అందనప్పుడు పెట్టే కూత అది. తీసి చూస్తే పళ్ళ మీద ఎర్రటి మరక. నెట్ వైరు తగిలించే చోటా తుప్పే. "ఉప్పుగాలి," అంటూ మా అత్త రెంటినీ శుభ్రంగా రుద్దేసింది. కంప్యూటరూ లేచింది, నెట్టూ వచ్చింది. ఆమె జన్మలో అనుమానించకుండా వదిలేసింది ఆ ఒక్క మరకనే.

సాయంత్రం డీలరే వచ్చాడు. స్టూలు మీద కూర్చోలేదు. మూత తీయించి, ఒంగి చూసి, నిటారుగా నిలబడ్డాడు.

"ఏమ్మా, ఈ ర్యామ్ నాదేనా?"

"నీది గాక ఎవురిదన్నా?"

"నాదైతే బొట్టు ఉండాల గదా. నా చేత్తో నూనెలో తడిపి పెట్టి పంపినాను. యాడబోయింది?"

పక్కన టైలరు మిషను ఆగిపోయింది. పూజ సామాన్ల అంగడాయన మెట్టు దిగి వచ్చాడు. దారినపోయే ఇద్దరు ముగ్గురు నిలబడ్డారు. మా అత్త ముఖంలో భయాన్ని నేను మొదటిసారి చూశాను. అందరినీ అనుమానించే మనిషి తన వంతు వచ్చేసరికి పమిట కొంగు నలుపుకుంటూ నిలబడింది. నాకు ఏడుపొచ్చింది.

"బొట్టు యాడ పెట్టినావన్నా?" అని మెల్లగా అడిగింది.

"ఆ బంగారు పళ్ళ మీద. బాగా కనబడతదని."

ఆమె సొరుగు లాగి రబ్బరు తీసింది. ఒక కొస ఎర్రగా ఉంది. "ఆ పళ్ళు బోర్డుకు తగిలితేనే అది పనిచేసేదన్నా. నీ బొట్టే అడ్డంపడి డబ్బా అరిచింది. నేను తుప్పనుకోని రుద్దేసినాను."

డీలరు రబ్బరును అటూ ఇటూ తిప్పి చూశాడు. "రబ్బరుకు ఎరుపు పూసేదానికి ఎంతసేపమ్మా?"

అప్పుడు మా అత్తకు గొంతు తిరిగి వచ్చింది. సొరుగు మొత్తం లాగి ఆయన ముందు పెట్టింది. "వెతుక్కోన్నా. మాది ప్రభువును నమ్ముకున్న ఇల్లు. మా అవ్వ కాలం నుంచి గడపలోకి కుంకుమ రాలేదు. పూసేదానికి యాడి నుంచి తెచ్చేది?"

ఆయన ఆమె బోడి నుదురు చూశాడు, నాదీ చూశాడు. అయినా తృప్తి పడలేదు. ఎందుకు పడతాడు, పక్కనే కుంకుమ అమ్మే అంగడి ఉంటే. ఆ అంగడాయన వైపు తిరిగాడు. అంగడాయన తల అడ్డంగా ఊపాడు. "ఇన్నేండ్లలో ఆ తల్లి నా దగ్గర కొనింది కొవ్వొత్తులేన్నా. అదీ కరెంటు పోయినప్పుడు."

ఎవరో నవ్వారు. డీలరు అప్పుడు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "అట్లయితే బొట్టు యాడ పెట్టాల్నో నువ్వే చూపించు," అన్నాడు. మా అత్త ర్యామ్ పైఅంచు చూపించింది. పక్క అంగట్లో కుంకుమ తెప్పించి ఆయన అక్కడ చుక్క పెట్టాడు. వెంటనే మా అత్త వైట్నరు సీసా తెరిచి, దాని పక్కనే ఇంకో చుక్క పెట్టింది.

"ఇదెందుకమ్మా?"

"రేపు నువ్వు వేరే ముక్క తెచ్చి, ఇదే నువ్విచ్చిందంటే నేనేం కావాలన్నా?"

డీలరు ఆమెను ఎగాదిగా చూసి, ఇంత మంచి మాట తను వినలేదన్నట్టు పడీపడీ నవ్వాడు. ఆ మర్నాటి నుంచి తీరం వైపు ఆఫీసుల డబ్బాలన్నీ మాకే వచ్చాయి. అన్నిటికీ రెండేసి చుక్కలు, వాళ్ళదొకటి, మాదొకటి. కుంకుమ చుక్క మాత్రం ఆ డీలరు డబ్బాకే. మా అత్త, ఆ డీలరు ఒకరినొకరు నమ్మినట్టు నేనెప్పుడూ చూడలేదు. కానీ పండక్కి ఆయన ఇంటి నుంచి అరిసెలు, క్రిస్మస్‌కి మా ఇంటి నుంచి కేకు, చివరి దాకా ఆగలేదు.

ఇప్పుడు ఆ షాపు లేదు. మా అత్త పోయింది, ఆమె కంటే ముందే ఆ డీలరూ పోయాడు. నిన్న పిల్లలు వెళ్ళాక బల్ల కింది డబ్బాను మళ్ళీ బయటికి లాగి, ర్యామ్‌ను వెలుతురులో పెట్టి చూశాను. ఎరుపు మట్టిరంగుకు దిగింది, తెలుపు పచ్చబడింది. ఇంకొన్నేళ్ళు పోతే ఏది ఎవరి చుక్కో చెప్పలేం. ఇద్దరూ కాపలా పెట్టుకున్న ఆ ముక్కను ఇన్నేళ్ళలో ఎవరూ మార్చలేదు. కాపలా ఉన్న ఇద్దరినే కాలం పట్టుకుపోయింది.