నేను ఊపని తల

పన్నెండేళ్లుగా ఒక అబద్ధం నా గొంతుకు అడ్డం పడి ఉంది. ఒక్క ఊపిరిలో అయిపోయేంత చిన్నది. అన్నం తింటుంటే అడ్డం వస్తుంది. నలుగురిలో కూర్చుని నవ్వుతుంటే అడ్డం వస్తుంది. నా భార్యకు చెప్పలేదు. కొండగట్టు మెట్లెక్కి దేవుడి ముందు నిలబడి కూడా పిల్లల చదువుల గురించి మొక్కుకుని దిగి వచ్చేశాను, దీని గురించి నోరు మెదపలేదు. మీకెందుకు చెబుతున్నానంటే, మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. జాలి మాత్రం పడకండి. చదువుతూ పోతే నా మీద మీకే కోపం వస్తుంది. రావాలి కూడా.

మాది సిరిసిల్ల. మరమగ్గాన్ని మేం సాంచ అంటాం. ఇళ్ల మధ్యే షెడ్లు, షెడ్ల నిండా సాంచలు, పొద్దున లేచింది మొదలు వాటి మోత. ఆ మోతలో పక్కన నిలబడ్డవాడి మాట కూడా వినపడదు. అందుకని మా వాళ్లు చేతులతో, కనుబొమలతో, గడ్డంతో మాట్లాడుకుంటారు. రెండు వేళ్లు పెదవుల దగ్గర పెడితే బీడీ. బొటనవేలు భుజం వెనక్కి తిప్పితే ఆసామి వస్తున్నాడని, అంటే సాంచల యజమాని అన్నమాట. పెదాలు కదిలే తీరు చూసి ఎవడు ఏ బూతు తిడుతున్నాడో కూడా చెప్పేసేవాళ్లం. ఇది మాకు బడిలో నేర్పలేదు. కడుపు నేర్పింది.

వారానికి ఒక రోజు కరెంటు సెలవు. ఆ రోజు సాంచలు ఆగేవి. ఊరు ఊరంతా సద్దుమణిగితే మాకు చెవుల్లో ఏదో పాకినట్టు ఉండేది, ఆ నిశ్శబ్దం భరించలేకపోయేవాళ్లం. మా పాటల క్లబ్బు పెట్టింది ఆ రోజు కోసమే. మూతపడిన సైజింగు షెడ్డు ఒకటి ఊరి చివర ఉండేది. నూలుకు గంజి పట్టించే చోటు. పులిసిన గంజి వాసన గోడల్లోంచి పోనేలేదు. కరెంటు లేదు కాబట్టి ఒక లారీ బ్యాటరీ మోసుకొచ్చి దానికి యాంప్లిఫయర్ తగిలించేవాళ్లం. మహారాష్ట్రలో భివండీ సాంచల మీద రెండేళ్లు పనిచేసి తిరిగొస్తూ నేనొక బ్యాంజో తెచ్చుకున్నాను. తీగల మీద టైపు మిషను మీటల్లాంటివి ఉంటాయి, అది. ఆ బ్యాంజోతోనే క్లబ్బు మొదలైంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే నేను ఒక్కనాడూ మర్చిపోలేదు, ఎవరినీ మర్చిపోనివ్వలేదు.

అదేం సంగీతం అని అడిగితే ఏం చెప్పాలి? సినిమా పాట ఎత్తినవాడికి చెప్పు దెబ్బ, అది మా రూలు. మా పాటలు మేమే కట్టేవాళ్లం. నూలు అమ్మే సేటు పొట్ట మీద ఒకటి. గుడ్డలో తప్పు చూపించి కూలి కోసే గుమస్తా మీద ఒకటి. పాడేది నర్సింగ్. వాడికి గొంతు లేదు, కోపం ఉంది. వినడానికి వచ్చేవాళ్లు వినేవాళ్లు కారు, అరిచేవాళ్లు. ఎవడి ముక్కో పగలని వారం లేదు. పెద్దమనుషులు మమ్మల్ని చూస్తే తల పక్కకు తిప్పుకునేవాళ్లు, మేం వాళ్లకు వినపడేట్టు ఇంకో చరణం ఎక్కువ పాడేవాళ్లం. ఇప్పుడు తలచుకుంటే అది పళ్లు నూరుకోవడం తప్ప పాట కాదు. అయినా వారమంతా దానికోసమే బతికాం.

ఆ క్లబ్బులో నిజంగా వాయించడం వచ్చినవాడు ఒక్కడే, రాజేశం. నాలుగు సాంచలు నడిపేవాడు. అతని డ్రమ్ములు చూస్తే నవ్వొస్తుంది: ఒక నూనె డబ్బా, గణపతి ఊరేగింపులో కొట్టే తాషా, ఎక్కడో దొరికిన పాత డోలు, సాంచ నుంచి ఊడిన ఇనుప చక్రం. వాటి వెనక అతను కూర్చుంటే మాత్రం అరిచేవాళ్లు కూడా అరవడం ఆపేవాళ్లు. నేను ఈర్ష్యపడ్డానా? పడ్డాను. ముందే ఒప్పేసుకుంటే మంచిది.

రాజేశానికి చెవులు పోతున్నాయి. ఆ సంగతి నాకొక్కడికే తెలుసు. ఒకసారి వెనకనుంచి మూడుసార్లు పిలిస్తే తిరగలేదు, నాలుగోసారి వీపు మీద కొట్టాను. అప్పుడు చెప్పాడు. కరీంనగర్ డాక్టరు సాంచల దగ్గరనుంచి బయటపడకపోతే ఉన్న కాస్తా పోతుందన్నాడట. ఆసామికి తెలిస్తే సాంచలు లాగేసుకుంటాడు, ఎందుకంటే దారం తెగితే సాంచ చప్పుడు మారుతుంది, ఆ మార్పు పట్టుకోలేనివాడికి నాలుగు సాంచలు ఎవరిస్తారు? అందుకని దాచిపెట్టాడు. డోలు దెబ్బ అతనికి కాళ్లలోంచి తెలిసేది. నా బ్యాంజో మాత్రం బొత్తిగా వినపడేది కాదు.

పాట మధ్యలో డ్రమ్ములు ఆగిపోయి బ్యాంజో ఒక్కటే మోగే చోటు ప్రతి పాటలోనూ ఉండేది. దాన్ని నేను నా ఇష్టం వచ్చినంతసేపు సాగదీసేవాణ్ణి, ఒకనాడు రెండు చుట్లు, ఒకనాడు ఆరు. మళ్లీ డ్రమ్ములు అందుకోవాలంటే నేను గడ్డం కిందికి ఒక్కసారి ఊపేవాణ్ణి. సాంచల దగ్గర మేం మాట్లాడుకునే భాషే అది. రాజేశం కళ్లు నా గడ్డం మీదే ఉండేవి. ఊపగానే పడేది దెబ్బ, వెంట్రుకవాసి తేడా లేకుండా. ఏడాదిన్నర అలా నడిచింది. ఎవడూ పసిగట్టలేదు.

అప్పుడు ఆర్కెస్ట్రా ఆయన కథ మొదలైంది. కరీంనగర్‌లో పెళ్లిళ్లకు, వేములవాడ జాతరకు వాయించే ఆర్కెస్ట్రా నడిపేవాడు. అతనికి డ్రమ్ముల మనిషి కావాలి. రాజేశం పేరు ఎవరో చెప్పారు. వచ్చే కరెంటు సెలవు రోజు మధ్యాహ్నం షెడ్డుకొచ్చి చూస్తానని, నచ్చితే వెంట తీసుకుపోతానని కబురు పెట్టాడు. బ్యాంజో సంగతి కూడా ఎవరో ఎత్తారట, "బ్యాంజోలు మా తాన మస్తుగున్నయి" అన్నాడట. రాజేశం నాకు ఆఖరున చెప్పాడు. సంతోషంతో చెప్పాడు, అదే నాకు మంట. సాంచలు వదిలేస్తే చెవులు నిలబడతాయని ఆశ అతనికి. అది నాకు అర్థం కాలేదా? బాగా అర్థమైంది. అయినా అడిగాను, అక్కడ ఎవడి గడ్డం చూస్తావురా అని. నవ్వాడు. "ఎవని గడ్డమైతేంది రా" అన్నాడు.

ఆ మాట వేళాకోళానికి అన్నాడు. నాకు మాత్రం గుచ్చుకుంది. ఏడాదిన్నర నుంచి వాణ్ణి నడిపించింది నేనే అనుకుంటున్నాను, నేను లేకపోతే వాడు లేడని లోలోపల పొంగిపోతున్నాను, ఇప్పుడేమో ఎవడి గడ్డమైనా సరిపోతుందట. ఆ వారం రోజులూ సాంచల ముందు నిలబడి అదే మాట నమిలాను.

ఆ రోజు షెడ్డు నిండిపోయింది. ఆర్కెస్ట్రా ఆయన ముందు కుర్చీలో కూర్చున్నాడు. రెండు పాటలు అయ్యాయి. ఆయన కాలు ఆడించడం చూశాను, నర్సింగ్ వైపు తిరిగి తల పంకించడం చూశాను. నా వైపు ఒక్క చూపు లేదు. మూడో పాట. డ్రమ్ములు ఆగాయి. బ్యాంజో ఒక్కటే. ఒక చుట్టు తిప్పాను, రెండు తిప్పాను, మూడు. నర్సింగ్ ఊపిరి తీసుకున్నాడు, పాట అందుకోవాలి. నేను తల ఊపలేదు.

ముందే అనుకుని చేశానా? ఎన్నోసార్లు నన్ను నేనే అడిగాను. ఆ క్షణంలో మెడ పట్టేసిందని కూడా ఒక ఏడాది నన్ను నేను నమ్మించుకున్నాను. అదీ అబద్ధమే. మెడ బాగానే ఉంది. రాజేశం చేతుల్లో పుల్లలు పైకెత్తి ఉన్నాయి, కళ్లు నా మీద ఉన్నాయి, పెదవుల మీద చిన్న నవ్వు. నర్సింగ్ మాకు వీపు పెట్టి, జనం వైపు తిరిగి పాడేస్తున్నాడు. డ్రమ్ములు లేవు. రాజేశం నవ్వు అలాగే పెట్టుకుని ఇంకా నా వంకే చూస్తున్నాడు. నేను బ్యాంజో మీద మీటలు చూసుకుంటూ వాయించాను. జనంలో ఎవడో ఈల వేశాడు, ఇంకెవడో సోడాసీసా విసిరాడు. అప్పుడు కంగారుపడి కొట్టాడు, పాటకు అడ్డంగా, ఎక్కడో. ఇక ఆగమాగం. ఆర్కెస్ట్రా ఆయన లేచి, "పట్టపగలు తాగొచ్చిండా?" అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు. ఆయన వెళ్లిపోయాడు. పరువు పోయిందని నర్సింగ్ రాజేశాన్ని డ్రమ్ముల మీదినుంచి లాగి కొట్టాడు. మరో నలుగురు చేయి వేశారు. వాళ్లను తప్పుపట్టడం నాకు చేతకాదు, వాళ్లకు తెలియదు. తెలిసినవాణ్ణి బ్యాంజోకు గలీబు తొడుగుతూ నిలబడ్డాను.

చెవుడని చెబితే సాంచలు పోతాయి. చెప్పకపోతే తాగుబోతు. తాగుబోతు పేరే తీసుకున్నాడు.

షెడ్డు వెనక కుళాయి దగ్గర మూతి కడుక్కుంటున్నాడు. పై పెదవి చీలింది. నేను వెళ్లకపోయినా అయ్యేది. వెళ్లాను. నన్ను చూసి, నా పెదాలు కనిపించేట్టు ఎదురుగా తిరిగాడు.

"తలకాయ ఊపినవా రా?"

"ఊపిన."

"నేను నీ దిక్కే సూస్తున్న గదరా. రెప్ప గూడ కొట్టలే."

"సూస్తే ఏంది? నీకు కనవడలే. నేనేం జెయ్యాలె?"

కోప్పడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. అంగీ కొసతో కళ్లు తుడుచుకున్నాడు. ఆ తర్వాత మెల్లగా అన్నాడు:

"గట్లనా. అయితే కండ్లు గూడ పోతున్నయేమో. ఎవలికి జెప్పకు రా."

ఎవరికీ చెప్పలేదు. ఆ మాట మాత్రం నిలబెట్టుకున్నాను!

తల ఊపకపోవడం ఒక్క క్షణం పని. కడుపుమంటతో చేశాను, మనుషులు చేస్తారు. కానీ కుళాయి దగ్గర చెప్పింది? అక్కడ మంట లేదు. చల్లారిన బుర్రతో, ఎదుటివాడు పెదాలు చదువుతున్నాడని తెలిసి, తేటగా, విడమరిచి చెప్పాను. వాడికి మిగిలింది కళ్లే. ఆ కళ్ల మీద నమ్మకం తీసేశాను. దీనికేం పేరు పెట్టాలో నాకిప్పటికీ తెలియదు.

రాజేశం మళ్లీ పుల్లలు పట్టలేదు. క్లబ్బు ఆరు నెలల్లో మూతపడింది, డ్రమ్ములు లేని బ్యాంజోను ఎవడు వింటాడు? కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాడు. ఏమీ లేదన్నాడు డాక్టరు. నమ్మలేదు. జాతరలో ఒక అద్దాల జోడు కొనుక్కుని పెట్టుకున్నాడు. దారం తెగితే కనపడదేమోనన్న భయంతో నాలుగు సాంచలను రెండు చేసుకున్నాడు, తర్వాత అవీ ఇచ్చేశాడు. ఇంట్లో కూర్చుని నూలు కండెలు చుడతాడు. మా దగ్గర ఆడవాళ్లు చేసే పని అది. చెవులు పూర్తిగా పోయాకే సాంచలనుంచి బయటపడ్డాడు. ఇంట్లో అతని భార్య అతన్ని చేతులతో పిలుస్తుంది. వీధిలో వెళుతూ చూశాను. ఆగలేదు.

చెప్పేయాలని ఎన్నిసార్లు అనుకోలేదు? వేరే మనిషికైతే గోడ వంక చూస్తూ గొణిగేయొచ్చు. రాజేశానికి కుదరదు. అతనికి ఏదైనా చెప్పాలంటే వెలుతురులో, ముఖం ఎదురుగా పెట్టి, ప్రతి మాటా పెదాలతో దిద్ది చెప్పాలి. అబద్ధం అలాగే చెప్పగలిగాను. నిజం చెప్పడానికి వెళితే వాళ్ల గుమ్మం ముందునుంచే వెనక్కి తిరిగి వస్తాను.

మొన్న చాయ్ హోటల్లో పాతవాళ్లం కలిశాం. నర్సింగ్ ఇప్పుడు నూలు వ్యాపారం చేస్తున్నాడు, కడుపు పెంచాడు. వాడి పాటలో సేటు పొట్ట అచ్చం ఇలాగే ఉండేది. రాజేశం కూడా వచ్చాడు. ఇప్పుడు అతనికి చెవుడని ఊరందరికీ తెలుసు. నర్సింగ్ మాటల్లో పడి నన్ను చూపిస్తూ, "గప్పుడు వీడైనా నీకు జర సైగ జేస్తే అయిపోతుండె గదనే" అన్నాడు. వేళాకోళమే. రాజేశం వాడి పెదాలు చదివాడు. కళ్లజోడు సర్దుకున్నాడు.

"వీనిదేం తప్పు లేదన్నా. వీడు ఊపిండు. నాకే కనవడలే" అన్నాడు. నా వైపు తిరిగి, "గంతే గదరా?" అని అడిగాడు.

అందరూ నా వైపు చూశారు. రాజేశం కూడా చూశాడు, నా గడ్డం వంక, ఆ రోజు చూసినట్టే.

తల ఊపాను.

ఇన్నేళ్లూ రాని ధైర్యం ఇక రాదని ఆ పూట తెలిసిపోయింది. క్షమించమని అడగడం లేదు, అడగాల్సింది మిమ్మల్ని కాదు. రాజేశం ఇది చదువుతాడా? చదువుకున్నవాడే, కళ్లూ బాగానే ఉన్నాయి. చదివితే నన్ను గుర్తుపడతాడు. గుర్తుపట్టాలనే కుళాయిని, కళ్లజోడును, అన్నీ ఉన్నవి ఉన్నట్టు రాశాను. వాడి పేరూ నర్సింగ్ పేరూ మార్చాను గానీ నేను చేసింది మార్చలేదు.

ఆ రోజు నేను తల ఊపలేదు. నువ్వు రెప్ప కొట్టకుండానే చూశావు. నీ కళ్లకు అప్పుడూ ఏమీ కాలేదు, ఇప్పుడూ ఏమీ లేదు.

ఇంత రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. ఆడుతున్నందుకు కూడా సిగ్గుగానే ఉంది.