ఉచితమన్న రొట్టె

వెతూరియాకు పదహారేళ్లప్పుడు ఊరి పక్క ఏటిలో బాప్తిస్మం ఇచ్చారు. తెల్ల గౌను ఒంటికి అంటుకుపోయి, చలికి ఆమె పళ్లు టకటకలాడుతుంటే, ముసలి పాస్టరు నడుములోతు నీళ్లలో నిలబడి, రక్షణ ఉచితమనీ, దానికి మనిషి చేయవలసింది ఏమీ లేదనీ, చేయి చాచి పుచ్చుకోవడమేననీ చెప్పాడు. ఆ మాటకు పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. ఇంటికి వెళ్లేటప్పుడు బండి మీద తండ్రి తన కోటు తీసి ఆమెకు కప్పాడు. కప్పి, ఇక నుంచి శనివారం శనివారం మందిరం ఊడ్చేది నువ్వేనని చెప్పాడు. అప్పుడు పట్టిన చీపురు అరవై దాటినా ఆమె చేతిలోంచి జారలేదు.

బిహోర్ కొండల కింది ఆ ఊళ్లో ఎక్కువమంది పాత క్రైస్తవ సంప్రదాయపు పెద్ద గుడికి పోయేవాళ్లు. ఈ బాప్టిస్టులను చూసి వాళ్లు 'మారుమనస్సోళ్లు' అని నవ్వేవారు. మారుమనస్సోళ్లు తాగకూడదు. పెళ్లిలో అడుగు కదపకూడదు. ఆడవాళ్లు చెవులకేమీ పెట్టుకోకూడదు, తలమీద గుడ్డ తీయకూడదు. బుధవారం ప్రార్థన, శనివారం ఊడ్పు, ఆదివారం రెండు పూటలా ఆరాధన, ఎవరైనా పోతే ఊరందరికీ సరిపడా క్యాబేజీ ఆకుల్లో చుట్టిన మాంసం ఉండల వంట. ఇవేవీ రక్షణ కోసం కాదని, ఊరికే దొరికిన రక్షణకు కృతజ్ఞతగా చేస్తున్నవని పాస్టర్లు చెప్పేవారు. కృతజ్ఞతకు వారంలో ఒక్క పూటైనా సెలవు ఉంటే బాగుండేదని వెతూరియాకు అనిపించేది. పైకి అనేది కాదు.

నెలకోసారి ప్రభు బల్ల, ప్రభువును తలుచుకుని అందరూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. దానికి పులియని రొట్టె చేసేది ఆమే. పిండి, నీళ్లు, చుక్క నూనె. ఉప్పు వేయకూడదు. పల్చగా ఒత్తి, ముల్లుతో పొడిచి, పొయ్యి పళ్లెం మీద మాడకుండా కాల్చాలి. వంగకుండా విరగాలి, పాస్టరు విరిచేటప్పుడు చివరి వరుసలో వాళ్లకు కూడా ఆ చప్పుడు వినపడాలి. అలాంటి రొట్టె ఆ చుట్టుపక్కల ఆమె ఒక్కతికే వచ్చు. అందుకని మణికట్టు వాచినా ఆమే చేసేది.

ఆమె మొగుడు గ్లిగోర్ మాత్రం ఆ రొట్టె తిని ఏళ్లు గడిచిపోయాయి. సంఘం ఆయన్ను వెలి వేసింది.

ఆయన చేసిన నేరం ఇది. ఒక ఏడు ప్లమ్ పళ్లు విరగకాశాయి. ఆ పళ్లతో సారా కాచే ఊరి బట్టీ చూసుకునేవాడు కాలు విరిగి మంచాన పడ్డాడు. మంట ఎప్పుడు తగ్గించాలో తెలిసినవాడు గ్లిగోర్ ఒక్కడే, చిన్నప్పుడు తాత పక్కన కూర్చుని నేర్చుకున్నాడు. ఇరుగుపొరుగు వచ్చి బతిమాలారు. వెళ్లి ఆ కోతకాలమంతా బట్టీ ముందు కూర్చున్నాడు. చుక్క నోట పెట్టలేదు, చుక్క ఇంటికి తేలేదు. అయినా సారా సారాయే. పెద్దలు కూర్చుని, ఆదివారం సంఘం ముందు లేచి నిలబడి తప్పయిందని చెప్పమన్నారు. చెబితే చేతులెత్తి ఓటు వేసి మళ్లీ కలుపుకుంటారు, అది వాళ్ల పద్ధతి. గ్లిగోర్ లేచాడు. నిలబడ్డాడు. తప్పు చెప్పడానికి బదులు, మందిరం లోపలే టోపీ తీసి నెత్తిన పెట్టుకుని బయటికి నడిచాడు. మగవాడు మందిరంలో టోపీ పెట్టుకోవడమంటే వాళ్లలో అంతకు మించిన తిట్టు లేదు.

ఆ తర్వాత కూడా ప్రతి ఆదివారం పెళ్లాన్ని మందిరం గేటు దాకా దిగబెట్టేవాడు. ఎండాకాలం కిటికీలు తెరిచి ఉంటే బోరింగు పంపు గట్టు మీద కూర్చుని పాటలన్నీ వినేవాడు. ఇంటికొచ్చాక దెప్పేవాడు. పెళ్లికి రమ్మని పిలిచి గిన్నెలు తోమించే రకం మీ వాళ్లు అనేవాడు. వెతూరియా మొక్కజొన్న సంకటిని ఇంకాస్త గట్టిగా గెలికేది. తోమేది తనే మరి.

ఒక్కసారి మాత్రం ఆయన దెప్పకుండా మాట్లాడాడు. ఆమె బల్ల కోసం రొట్టె కాలుస్తోంది. విరిగిన అంచు ముక్క ఒకటి పొయ్యి పక్కన పడింది. ఆయన దాన్ని చూశాడు గాని ముట్టలేదు.

"ఊరికే ఇస్తే తింటానే," అన్నాడు. "ఉచితమన్నారుగా. ఏమీ అడక్కుండా ఒక్కసారి పెట్టమను. పిల్లిలాగా వచ్చి తిని పోతా."

ఆయన డెబ్బయ్యో పడిలో పడ్డాక ఒక శరత్కాలంలో పక్షవాతం వచ్చింది. కుడివైపంతా పోయింది, మాటా పోయింది. పట్నం నుంచి వచ్చిన డాక్టరు వెతూరియాను వాకిట్లోకి పిలిచి, శీతాకాలం దాటడని చెప్పాడు.

వెలిలో ఉన్నవాడు పోతే మందిరం బ్యాండు రాదు. బూరలుండవు, పాటలుండవు, పాస్టరు వాక్యం చెప్పడు. పెద్ద గుడి పూజారి కూడా రాడు, తన మంద కాదు గనుక. ఇంటివాళ్లే మోసుకుపోయి పూడ్చుకోవాలి. ఆ అవమానం వెతూరియాకు కష్టమే. కాని రాత్రులు నిద్ర పట్టకుండా చేసింది అది కాదు. చచ్చాక తను ఒక చోట, ఆయన ఒక చోట ఉండాల్సి వస్తుందేమోనని ఆమెకు భయం. మంచంలో పక్కనే పడుకుని ఆయన ఊపిరి వింటూ భయపడేది.

పాస్టరు నాతాన్ చిన్నవాడు, మంచివాడు. ఆమె వెళ్లి అడిగితే కుర్చీ వేసి, టీ పోసి, నెమ్మదిగా విడమరిచాడు. రక్షణ ఉచితమే, అందులో రెండో మాట లేదు, కాని సంఘానికి ఒక క్రమం ఉంటుంది, ఒప్పుకోలు లేకుండా బల్ల ఇవ్వకూడదు అన్నాడు.

"రేపు ఆయన పోయాక అక్కడ ఏది అడుగుతారు బాబూ?" అంది ఆమె. "రక్షణనా, క్రమాన్నా?"

అతను టీ కప్పు పక్కన పెట్టాడు. పెద్దలందరినీ వెంటబెట్టుకుని తనే ఇంటికి వస్తానన్నాడు. మాట లేదు గనుక ఎడమ చేయి ఎత్తితే ఒప్పుకున్నట్టే తీసుకుంటామన్నాడు. పెద్దలను ఒప్పించడానికి పాపం బాగానే తిరిగి ఉంటాడు.

ఆదివారం మధ్యాహ్నం వచ్చారు. గదిలో నిలబడటానికి చోటు లేదు. మంచం పక్క కుర్చీలో ఇలిసీ కూర్చున్నాడు. సంఘానికి పెద్ద ఆయనే. గ్లిగోర్ ను వెలి వేసినప్పుడు ఆ మాట చదివిందీ ఆయనే. అంతకు ముందు ఇద్దరూ కలిసి గడ్డి కోసేవాళ్లు, ఒకే సీసాలో మజ్జిగ తాగేవాళ్లు. వెతూరియా తలవైపు నిలబడింది. పాస్టరు ప్రార్థన చేశాడు. ఇలిసీ గొంతు సవరించుకున్నాడు.

"గ్లిగోర్, నువ్వు చేసింది తప్పని ఒప్పుకుంటావా? ఎడం చెయ్యెత్తు, చాలు."

ఆ ఎడమ చేయి బాగానే పనిచేస్తుంది. పొద్దున అదే చేత్తో కప్పు పట్టుకున్నాడు, ఈగను తోలాడు. ఇప్పుడు దుప్పటి అంచు కింద అది దుప్పటిని పిడికిట పట్టుకుని బిగిసి ఉంది. వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి. గ్లిగోర్ ఇలిసీని చూడటం లేదు, పెళ్లాం మొహంలోకి చూస్తున్నాడు. ఎత్తలేక కాదు, ఎత్తడం లేదని వెతూరియాకు తెలిసింది. చావు గుమ్మంలో కూడా మొండితనమా అని ఆమెకు కోపం వచ్చింది. ఆ వెంటనే, ఈ మనిషి ఇన్నేళ్లలో అడిగింది ఒక్కటేనని గుర్తొచ్చింది. ఏమీ అడక్కుండా ఒక్కసారి పెట్టమన్నాడు, అంతే.

గదిలో ఎవరో దగ్గారు. ఇలిసీ తలెత్తాడు.

"నా కళ్లు సరిగా ఆనట్లేదు. నువ్వు దగ్గరున్నావు చెల్లెమ్మా. ఎత్తాడా?"

వెతూరియా తన ఎరుకలో ఎన్నడూ అబద్ధమాడిన మనిషి కాదు. కోడిగుడ్లు అమ్మే దగ్గర కూడా ఆడలేదు.

"ఎత్తాడు," అంది. అబద్ధం ఒంటరిగా నిలబడదు కాబట్టి ఇంకో మాట చేర్చింది. "కొంచెం ఎత్తాడు. అంతకంటే ఎత్తలేడు కదా."

అందరూ చేతులెత్తారు. అందరికంటే ముందు ఇలిసీ ఎత్తాడు. పాస్టరు రొట్టె విరిచి చిన్న తునక గ్లిగోర్ నాలుక మీద పెట్టాడు, చెంచాతో ద్రాక్షరసం పోశాడు. గ్లిగోర్ పెళ్లాన్ని చూస్తూనే చాలాసేపు చప్పరించాడు. నోటి ఎడమ మూల పైకి లేచింది. అటువైపు మొహానికి ప్రాణముందని ఆమెకు తెలుసు.

ఆ వారంలోనే ఆయన పోయాడు. బ్యాండు వచ్చింది. బూరలు, పెద్ద డోలు, పాటలు, పాస్టరు వాక్యం, అన్నీ జరిగాయి. ఊళ్లో పెద్ద గుడివాళ్లు కూడా గేట్ల దగ్గర నిలబడి చూశారు. శవపేటిక వెనక నడుస్తూ వెతూరియా సంతోషం కోసం తనలో వెతుక్కుంది. కాళ్ల నొప్పి తప్ప ఏమీ దొరకలేదు.

తర్వాతి బల్లనాడు రొట్టె పళ్లెం ఆమె వరుసకు వచ్చింది. ఒప్పుకోని పాపం కడుపులో ఉన్నవాళ్లు దాన్ని ముట్టకుండా పక్కకు పంపాలి. ఆమె పంపేసింది. పక్కనున్న ఆడవాళ్లు చూసీ చూడనట్టు చూశారు. లేచి నిలబడి ఒప్పుకుంటే ఒక్క నిమిషంలో తీరిపోతుంది. కాని ఆమె ఒప్పుకుంటే ఆ రోజు వేసిన ఓటు చెల్లదు, గ్లిగోర్ మట్టిలో ఉండగానే మళ్లీ వెలిలో పడతాడు. అంటే తను బతికున్నంత కాలం ఈ పళ్లెం పక్కకు పంపుతూనే ఉండాలి. ఆయనకు ఊరికే వచ్చింది. దాని వెల తనమీద పడింది.

ఆ నెలా పైనెలా రొట్టె ఆమే చేసింది. చేసి, ముట్టకుండా పంపింది. మూడో నెల పిండి ముందు కూర్చుంటే చేతులు లేవలేదు. మణికట్టు నొప్పని కబురు పెట్టింది. అది అబద్ధం కాదు, కాని పూర్తి నిజమూ కాదు. కొత్తగా కాపురానికొచ్చిన లీదియాను ఈసారి రొట్టె చేయమన్నారు.

ఆ శనివారం సాయంత్రం ఇలిసీ వచ్చి గేటు దగ్గర టోపీ తీసి చేత పట్టుకుని నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు. చలి గురించీ కట్టెల గురించీ ఏదో అన్నాడు. తర్వాత అసలు మాటకొచ్చాడు.

"పళ్లెం పంపేస్తున్నావు. నేను చూస్తన్నా."

"చూస్తే చూడన్నా."

"ఆ రోజూ చూశా చెల్లెమ్మా. నా కళ్లు బాగానే ఆనతాయి. పిడికిలి బిగించాడు."

వెతూరియా గేటు కర్ర పట్టుకుంది. ఇన్ని నెలలు తనొక్కతే మోస్తున్నాననుకున్న బరువు ఈ మనిషికి మొదటినుంచీ తెలుసు. తెలిసీ ఆదివారం ఆదివారం ముందు వరసలో కూర్చుని పాడుతున్నాడు.

"మరి నా చేత ఎందుకనిపించావు?"

"వెలేసింది నేను. ఎత్తాడని నా నోటితో అనడానికి ధైర్యం చాల్లేదు. వద్దనడానికీ చాల్లేదు."

"నువ్వు మాత్రం రొట్టె తీసుకుంటున్నావుగా. ఎట్లా దిగుతోంది?"

"దిగట్లా," అన్నాడు ఇలిసీ. "అయినా తీసుకుంటన్నా. అర్హత వచ్చాక తిందామని కూచుంటే నేను ఆకలితోనే పోతా."

వెతూరియాకు ఆయన్ను తిట్టాలనుంది. తిట్లు ఏరుకోవడానికి కూడా ఓపిక లేక లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

మర్నాడు మందిరంలో మామూలు చోట కూర్చుంది. పాస్టరు రొట్టె విరిచాడు. లీదియా రొట్టె మందంగా ఉండి విరగలేదు, సాగింది. చప్పుడే రాలేదు. అతను చింపాల్సి వచ్చింది. వెనక ఎవరో పిల్లలు నవ్వారు. పళ్లెం పట్టుకుని వరుసల వెంట వస్తున్నది ఇలిసీ. ఆమె దగ్గరకు వచ్చేసరికి, ఎప్పటిలాగే పక్కావిడ వైపు చేయి చూపించింది. ఇలిసీ కదల్లేదు. పళ్లెం ఆమె ముందే పట్టుకుని నిలబడ్డాడు. పాట ఆగింది. అందరూ ఇటే చూస్తున్నారు. పాస్టరు కూడా చూస్తున్నాడు. ఇలిసీ అలా సాయంత్రం దాకా నిలబడేలా ఉన్నాడు.

వద్దని తల అడ్డంగా ఊపాలి. అందుకు కూడా ఆమెలో సత్తువ లేదు. ఊడ్చి, వండి, కాల్చి, మోసి, అబద్ధమాడి, దాన్ని కాపాడి అలిసిపోయింది. పాపం ఒప్పుకోలేదు. ఒప్పుకునేది కూడా లేదు. కాదనడానికి ఓపిక లేక, చేయి చాచి ఒక ముక్క తీసుకుంది.

లీదియా ఉప్పు వేసింది. పైగా సరిగా కాలలేదు. వెతూరియా దాన్ని నములుతూ కూర్చుని ఏడ్చింది. బాప్తిస్మం నాడు ఏటిలో ఏడ్చిన తర్వాత ఇంత ఏడవలేదు.